కౌలు అనే మాట అర్థం మారింది

మన కథాసాహిత్యంలో కౌలు అనగానే మనసులో మెదిలే చిత్రం ఒకటుంది. భూమి ఒక ఆసామిది, కష్టం ఇంకొకరిది. పంట పండినా ఎండినా కౌలు చెల్లించక తప్పని బక్కరైతు పక్షాన రచయిత నిలబడతాడు. ఈ చిత్రం అబద్ధం కాదు. కాని మన తెలుగువాళ్ళుండే పావగడ తాలూకాలో అది తలకిందులైంది. నేను చదివినంతలో మన రచయితలు ఆ సంగతిని పట్టించుకున్నట్టు లేదు.

పావగడ కర్ణాటకలో తుమకూరు జిల్లాది. మూడు వైపులా ఆంధ్ర సరిహద్దే. వాన తక్కువ, బోరునీళ్ళలో ఫ్లోరైడు, వేరుశనగ మీద ఆశ. ఈ కరువు మన కథకులకు కొత్త కాదు. సింగమనేని నారాయణ ‘జూదం’, బండి నారాయణస్వామి ‘వానరాలే’ అన్న పేర్లే ఆ సేద్యం ఎలాంటిదో చెబుతాయి.

అలాంటి నేలలో తిరుమణి, వళ్ళూరు, బళసముద్రం, రాయచెర్లు, క్యాతగానచెర్లు గ్రామాలకు చెందిన సుమారు 13,000 ఎకరాల్లో సౌరవిద్యుత్ కేంద్రం వెలిసింది. 2015లో ఏర్పడిన ప్రభుత్వ కంపెనీ రైతుల దగ్గర ఆ భూముల్ని కౌలుకు తీసుకుంది. 2019 చివరికి 2,050 మెగావాట్ల కేంద్రం పూర్తయింది. ఇక్కడ కౌలుదారు కంపెనీ, ఆసామి చిన్న రైతు. భూమి ఎవరూ లాక్కోలేదు. హక్కు రైతు పేరనే వుంది.

మన పర్యావరణ కవిత్వం తడబడేది ఇక్కడే. దానికి బుల్డోజరు కావాలి, పొర్లి ఏడ్చే రైతు కావాలి. వరసగా పంటలు పోగొట్టుకున్నవాడికి ఎకరాకు ఏటా 21,000 రూపాయలు వస్తాయంటే సంతకం పెట్టడా? నేనైనా పెడతాను. అతన్ని అమాయకుడని జాలిపడటం అతన్ని అవమానించడమే.

అయితే సాహిత్యం పాఠంగా చదువుకున్నవాణ్ణి కాను. బి.కాం. చదివి బ్యాంకులో రుణపత్రాలు చూసేవాణ్ణి. అందుకని లెక్క వేశాను. రెండేళ్ళకోసారి కౌలు 5 శాతం పెరుగుతుంది. అంటే ఏడాదికి సుమారు రెండున్నర శాతం. ధరల పెరుగుదలకు 2016 నుంచి రిజర్వు బ్యాంకు పెట్టుకున్న లక్ష్యమే 4 శాతం. ఆ లక్ష్యం దాటకపోయినా, 24 ఏళ్ళకు చేతికొచ్చే దాదాపు 37,700 రూపాయలకు మొదటినాటి ధరల్లో విలువ 14,700 మాత్రమే. అంకె పెరుగుతుంది, కొనుగోలు శక్తి తరుగుతుంది. ఇందులో మోసం లేదు. అంతా కాగితం మీదే వుంది.

కాగితం మీద లేనివాళ్ళ సంగతి వేరు. కలుపు తీసి, వేరుశనగ పీకి, కాయలు వలిచి బతికిన కూలివాళ్ళకు సెంటు భూమి లేదు కనుక కౌలూ లేదు. గొర్రెల కాపరికి బీళ్ళు కంచె లోపలికి పోయాయి. మిగిలినవి గడ్డి కోయడం, పలకలు కడగడం, కాపలా లాంటి కొద్దిపాటి పనులు. పలకలు కడగటానికీ నీళ్ళు కావాలి. రాయచెర్లు, క్యాతగానచెర్లు అనే పేర్లలో చెరువు వినిపించే ఊళ్ళలో ఆ నీళ్ళ లెక్క చిన్నది కాదు.

బొగ్గు పొగ లేని కరెంటు దేశానికి అవసరం. దాన్ని కాదనేవాళ్ళతో నేను లేను. కౌలులో కొంత భాగం భూమిలేనివాళ్ళకు కేటాయించాలనీ, పలకల మధ్య గొర్రెల్ని మేపుకోనివ్వాలనీ, గడువు తీరాక సాగుకు పనికొచ్చే నేలనే తిరిగి అప్పగించాలనీ అడగటానికి ఒక కరపత్రం చాలు. కథ చేయవలసిన పని వేరు. నిన్నటిదాకా ఒకే చేలో పక్కపక్కనే వంగిన ఇద్దరిలో ఒకడు ఇవాళ కౌలు అందుకుంటున్నాడు, రెండోవాడు కూలి వెతుక్కుంటూ బస్సెక్కుతున్నాడు. ఎదురుపడితే వాళ్ళు ఏం మాట్లాడుకుంటారు? ఇందులో దుర్మార్గుడు లేడు. తెలిసిన ప్రతినాయకుణ్ణి తెచ్చి నిలబెడితే కథ చెడుతుంది.

హైదరాబాదు, విజయవాడల నుంచి చూస్తే పావగడ పరాయి రాష్ట్రం. బెంగళూరు నుంచి చూస్తే ఒక మూల. ఆ ఊళ్ళలో జనం తమ లాభనష్టాలు మాట్లాడుకునేది చాలావరకు తెలుగులోనే కనుక, ఈ కథ బాధ్యత సరిహద్దు అవతలి తెలుగువాళ్ళమైన మనమీదే ఎక్కువ వుంది. రాయబోయేవారికి నా మనవి ఒక్కటే. ముందు కౌలు పత్రం చదవండి, తర్వాత అందులో పేరు లేనివాళ్ళ ఇంటికి వెళ్ళండి.