పారబోయకండి ఆ నీళ్లు

గేదె దవడ కింద సంచిలా వాపు దిగినా, పొట్ట కిందికి జారినా కొత్తపేట పాడిరైతు అనే మాట ఒకటే: ‘నీరు పట్టింది’. అది జబ్బు పేరు కాదు. ఎందుకు పట్టిందన్న దానికి జవాబు చాలాసార్లు ఆ నీటిలోనే ఉంటుంది. మనమేమో సూదితో తీయించి, పశువు కాస్త తేరుకోగానే బకెట్ పారబోస్తాం. నాకు కష్టం తోచేది అక్కడే.

ధవళేశ్వరం కాలవల కింద తడిసే ఈ డెల్టాలో నత్తలకు కరువు లేదు, నత్తల వల్ల వచ్చే కార్జపు జలగకూ లేదు. కార్జం పాడై, రక్తంలో అల్బుమిన్ పడిపోతే నీరు నాళాల్లో నిలవక పొట్టలోకి ఊరుతుంది. అలా ఊరింది తేటగా ఉంటుంది: ప్రొటీన్ డెసిలీటరుకు 2.5 గ్రాముల లోపు, కణాలు బహు తక్కువ. దీన్ని ట్రాన్సుడేట్ అంటారు. మేకు మింగిన గేదె సంగతి వేరు. గడ్డితో పోయిన తీగముక్క తేనెపట్టులా గళ్లుగళ్లుగా ఉండే రెండో పొట్టలో ఆగుతుంది. దాని ముందు ఉదరవితానం, ఆవల గుండె. మొన గుండె సంచి దాకా దిగితే దవడ కింద ఇక్కడా అదే వాపు! కానీ ఆ సంచిలోంచి తీసిన ద్రవం మబ్బుగా, కుళ్లు కంపుతో, చీము కణాలతో నిండి ఉంటుంది. అది ఎక్సుడేట్. పైకి ఒకే వాపు, లోపల రెండు జబ్బులు.

తీయడంలోనూ నేర్పుంది. గేదెకు ఎడమవైపంతా పెద్ద పొట్టే కాబట్టి సాధారణంగా కుడివైపు, వెంట్రుకలు గీసి శుభ్రం చేసి గుచ్చుతారు. కణాలు చూడటానికి గడ్డకట్టనివ్వని ఈడీటీఏ గొట్టంలో కొంత, కల్చర్‌కి వేరే శుభ్రమైన గొట్టంలో కొంత. పలచగా ఉంటే సెంట్రిఫ్యూజ్‌లో మెల్లగా తిప్పి అడుగు మడ్డిని స్లైడు మీద పరుస్తారు. గాలికి ఆరాక, లీష్మన్ అనే వైద్యుడు 1901లో తయారుచేసిన ఆ చవక రంగే ఇప్పటికీ చాలు. ఒక జాగ్రత్త: స్లైడుని ఫార్మలిన్ సీసాతో కలిపి పెట్టొద్దు, ఆ ఆవిరికి రంగు పట్టదు.

ఇక మైక్రోస్కోపులో చూడటం. న్యూట్రోఫిల్ అనే తెల్లకణం మింగిన బ్యాక్టీరియా కనిపిస్తే అది నిజమైన ఇన్‌ఫెక్షన్. బయట తేలుతూ, పక్కన గడ్డి పీచు కూడా ఉంటే సూది పేగులో దిగిందేమోనని అనుమానించాలి. నెత్తురు కనిపిస్తే ప్లేట్‌లెట్లు వెతకాలి. ఉంటే అప్పుడే కారిన నెత్తురు, చాలాసార్లు సూదిపోటుదే. మాక్రోఫేజ్ అనే పెద్ద తెల్లకణం ఎర్రకణాన్ని మింగి ఉంటే లోపల ముందే కారింది. అన్నిటికన్నా మోసం చేసేవి పొట్ట లోపలి పొర నుంచి రాలే మీసోథీలియల్ కణాలు. నీటిలో నాని, ఉబ్బి, అచ్చం క్యాన్సర్ కణాల్లా కనిపిస్తాయి. అనుభవజ్ఞులు కూడా తొందరపడరు.

నీరు చుక్క రాలేదంటే జబ్బు లేదని కాదు. ఆవూ గేదే చీముని ఫైబ్రిన్ పొరతో కట్టేసి దాచుకుంటాయి. తీసిన నీళ్లు కూడా గంటల్లో మారిపోతాయి: కణాలు ఉబ్బుతాయి, బ్యాక్టీరియా పెరుగుతుంది. దూరపు ప్రయోగశాలకి గొట్టం పంపితే సరిపోదు, అప్పటికప్పుడు పరిచిన స్లైడు కూడా వెళ్లాలి.

ఆ స్లైడు కోసం ఊరు దాటనక్కర్లేదేమో: 1962 నంబరుకి ఫోన్ చేస్తే వచ్చే సంచార పశువైద్య వాహనాలను 2022లో పేడ, రక్త పరీక్షలకు చిన్న ప్రయోగశాలతో సహా మొదలుపెట్టారు. ఈసారి మీ గేదె పొట్టలో నీళ్లు తీస్తుంటే, డాక్టరుగారిని ఒక్క మాట అడగండి: ‘బకెట్ తర్వాత పారబోద్దామండీ, ముందు ఒక స్లైడు వేస్తారా?’