పల్లె ఇంటి మురుగు: రెండు పద్ధతుల గుణదోషములు

పల్లెలో క్రొత్తగా ఇల్లు కట్టుకొనువారు మరుగుదొడ్డి విషయమున మేస్త్రి మాట వినుట పరిపాటి. మేస్త్రి సెప్టిక్ ట్యాంకు కట్టుదమనును. ఇటీవల రెండవ సలహా యొకటి వినవచ్చుచున్నది. గాలిని ఊదు చిన్న యంత్రముతో కూడిన ఏరోబిక్ ట్యాంకులను అమ్మువారు, తమ ట్యాంకునుండి వాసన రాదనియు, తేటనీరు వచ్చుననియు, ఆ నీటిని తోటకు పోసికొనవచ్చుననియు చెప్పుచున్నారు. ఈ రెంటిని పోల్చువారు సాధారణముగ ఒకటి పాతది, చౌకైనది, రెండవది క్రొత్తది, ఖరీదైనది అని తేల్చి, చేతిలోని డబ్బును బట్టి ఎంచుకొనుమందురు. ఈ పోలికలోనే దోషమున్నదని నా అభిప్రాయము. అది ఎట్లో చూతము.

మొదట సెప్టిక్ ట్యాంకు సంగతి. 19వ శతాబ్ది చివర ఇంగ్లండులోని ఎక్సిటర్ నగరమున డొనాల్డ్ కామెరాన్ అను ఇంజనీరు దీనికి ఈ పేరు పెట్టి ప్రచారములోనికి తెచ్చెను. ట్యాంకులో మురుగు కదలక నిలుచును. బరువైన పదార్థము అడుగున బురదగా దిగును. క్రొవ్వు, నూనె పైకి తేలి తెట్టు కట్టును. నడుమనున్న నీరు గొట్టము ద్వారా వెలుపలికి పోవును. గాలి లేకుండ బ్రతుకు సూక్ష్మజీవులు బురదలో కొంత భాగమును కరిగించును. ఇంతకు మించి ట్యాంకు చేయునది లేదు. నీటిలో తేలియాడు మలినములలో నూటికి 50 నుండి 70 పాళ్ళు మాత్రమే అందులో నిలిచిపోవును. వెలుపలికి వచ్చు నీటిలో రోగక్రిములు పుష్కలముగ ఉండును.

మరి ఆ నీటిని శుభ్రపరచునది ఏది? ట్యాంకు తరువాతనున్న నేల. ఇంకుడు గుంతనుండి నీరు మెల్లగ మట్టిలోనికి జారునప్పుడు, మట్టిరేణువుల సందులలోని గాలిని పీల్చుకొని బ్రతుకు సూక్ష్మజీవులు మిగిలిన మలినమును తినివేయును. రోగక్రిములు మట్టిలో చిక్కుకొని క్రమముగ నశించును. అనగా, గాలి అక్కరలేనిదని మనము చెప్పుకొను పాత పద్ధతిలోను, పనిలో సగము గాలితోనే జరుగుచున్నది. ఆ గాలిని నేల ఉచితముగ ఇచ్చుచున్నది.

ఏరోబిక్ పద్ధతి ఇదే పనిని ట్యాంకులోపలనే చేయించును. 1914లో మాంచెస్టరునందు ఆర్డెర్న్, లాకెట్ అను ఇరువురు రసాయన శాస్త్రజ్ఞులు మురుగులోనికి గాలిని ఊది, అందు పెరిగిన సూక్ష్మజీవుల ముద్దను మరల మరల వాడినచో మురుగు త్వరగా శుభ్రపడునని చూపిరి. నగరముల మురుగుశుద్ధి కేంద్రములకు ఆధారమైన ఆ సూత్రమునే ఇప్పుడు ఇంటి ట్యాంకులో ఇముడ్చుచున్నారు.

గాలిని ఎడతెగక ఊదవలసిన అవసరమేమని విద్యార్థులు అడుగవచ్చును. ఒక చిన్న లెక్క వేయుదము. మురుగులోని మలినమును తినుటకు సూక్ష్మజీవులకు కావలసిన ప్రాణవాయువు, అనగా ఆక్సిజన్, ఎంతయో తెలుపు కొలతను బి.ఓ.డి. అందురు. మన దేశపు లెక్కలలో ఇది మనిషికి రోజునకు 27 గ్రాములు. ఐదుగురున్న ఇంటికి 135 గ్రాములగును. ఒక్కొక్కరు 55 లీటర్ల నీరు వాడుదురనియు, అదంతయు మురుగుగా మారుననియు అనుకొన్నచో, 275 లీటర్ల మురుగు వచ్చును. లీటరునకు సుమారు 490 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కావలెను. 30 డిగ్రీల వేడిలో ఒక లీటరు నీరు తనలో కరిగించుకొనగల ఆక్సిజన్ 7.5 మిల్లీగ్రాములు మాత్రమే. అరవయ్యవ వంతునకు కూడ చాలదు! కావుననే యంత్రము రేయింబవళ్ళు గాలిని ఊదుచుండవలెను.

ఈ పద్ధతికి నిజమైన గుణమున్నది. చక్కగ నడచునపుడు బయటికి వచ్చు నీటి బి.ఓ.డి. లీటరునకు 30 మిల్లీగ్రాములకు లోపుగ ఉండును. కాని అమ్మువారు చెప్పని సంగతులు మూడు కలవు. మొదటిది విద్యుత్తు. 60 వాట్ల యంత్రము రోజంతయు నడచినచో నెలకు 43 యూనిట్లు ఖర్చగును. విద్యుత్తు చాలసేపు పోయినచో సూక్ష్మజీవులు ఊపిరాడక నశించి, నీరు మరల కంపు కొట్టును. రెండవది, తేటనీరు శుద్ధమైన నీరు కానక్కరలేదు. కంటికి కనబడని రోగక్రిములు అందులోనుండును. తోటలో చల్లుటకు ముందు క్లోరిన్ వంటి దానితో వాటిని చంపవలెను. మూడవది, ఈ ట్యాంకునుండి కూడ బురదను అప్పుడప్పుడు తీయవలెను. జపానులో జొకాసో అను ఇంటి శుద్ధి ట్యాంకులు విరివిగ వాడుకలోనున్నవి. వాటికై ఆ దేశము 1983లో ప్రత్యేక చట్టము చేసి, నిర్వహణను, ట్యాంకు శుభ్రపరచుటను, ఏటేట తనిఖీని నిర్బంధము చేసినది. మన పల్లెకు యంత్రము వచ్చినను, దానిని చూచు మనిషి దాని వెంట రాడు.

ఇక పాత పద్ధతిని మనము ఆచరించు తీరును కూడ విమర్శింపవలెను. అనేక గ్రామములలో ట్యాంకు గొట్టమును నేరుగ వీధికాలువలోనికి వదలుదురు. ఇంకుడు గుంత ఉండదు. సగము పని చేయు ట్యాంకును కట్టి, మిగిలిన సగమును చేయవలసిన నేలను తప్పించుట ఇది. ఆ నీరు దోమలకు, పిల్లల విరేచనములకు దారి తీయును. కొందరు ఎన్నటికి నిండకుండవలెనని ట్యాంకు అడుగున గచ్చు వేయరు. ఆ మురుగు దగ్గరి బావిలోనికి చేరవచ్చును. నిండిన ట్యాంకులోనికి మనిషిని దింపుట అన్నింటికంటె ఘోరము. అందలి హైడ్రోజన్ సల్ఫైడు వాయువు నిమిషములలో ప్రాణము తీయును. రక్షణ ఏర్పాట్లు లేకుండ ట్యాంకులోనికి మనిషిని దింపుట 2013 నాటి చట్టము ప్రకారము నేరము. బురదను ట్యాంకరుతో తోడించుటయే సరియైన మార్గము.

కాబట్టి ఎన్నుకొనుటకు ముందు అడుగవలసిన ప్రశ్న ఒకటే: మన నేల ఊపిరి పీల్చునా? దీనిని పరీక్షించుట కష్టము కాదు. ఇంకుడు గుంత రాబోవు లోతున చిన్న గోయి త్రవ్వి, ముందురోజు రాత్రి నీటితో నాననీయవలెను. మరునాడు నీరు పోసి, మట్టము 25 మిల్లీమీటర్లు తగ్గుటకు పట్టు కాలమును కొలువవలెను. 30 నిమిషములకు మించనిచో ఇంకుడు గుంత చాలును. 30కి 60కి నడుమ ఉన్నచో నీటిని ఎక్కువ నేలకు పంచు కందకములు కావలెను. 60 దాటినచో ఆ నేలను నమ్మరాదు. బావికి, ఇంకుడు గుంతకు మధ్య కనీసము 18 మీటర్ల దూరముండవలెనని భారత ప్రమాణము చెప్పుచున్నది. పగుళ్ళున్న రాతినేలలో ఈ దూరము కూడ చాలకపోవచ్చును.

తెలంగాణ చెలక నేలలలో, భూగర్భజలము లోతుగనున్నచోట, సరిగ కట్టిన సెప్టిక్ ట్యాంకు, ఇంకుడు గుంత చాలును. అక్కడ ఏరోబిక్ యంత్రము వృథా వ్యయము. కృష్ణా డెల్టాలోని నల్లరేగడిలో, వానాకాలమున నీరు అడుగు లోతులోనే కనబడు చోట, ఇంకుడు గుంత మునిగిపోవును. అక్కడ ఏరోబిక్ పద్ధతికి అర్హత కలదు. అయితే విద్యుత్తు, నిర్వహణ చూచు మనిషి, నీటిని వాడు తోట, ఈ మూడును ఉండవలెను. అవి లేనిచోట, మెరక వేసిన మట్టిదిబ్బలోనికి నీటిని ఇంకించుట మేలు. నీరు తక్కువగ వాడు చిన్న ఇంటికి, నేల అనుకూలమైనచో, ఈ రెండు ట్యాంకులును అక్కరలేదు. ఒకదాని తరువాత ఒకటి వాడు జంట గుంతల దొడ్డి చాలును. నిండిన గుంతను రెండేండ్లు మూసి ఉంచినచో అందలి మలము ఎరువుగా మారును.

ఉపాధ్యాయులు పై పరీక్షను పాఠశాల ఆవరణలోనే విద్యార్థులచేత చేయింపవచ్చును. ఒకసారి వేసవిలోను, మరొకసారి వానలు పడిన తరువాతను చేసి, రెండు ఫలితములను పోల్చి చూడవలెను. నేల ఏమి చెప్పుచున్నదో గడియారము చూచి వ్రాసికొన్న విద్యార్థి, రేపు తన ఇంటికి మేస్త్రి వచ్చినపుడు ఏమి అడుగవలెనో ఎరిగియుండును.