నువ్వడిగింది చెవులొక్కటే

రేడియో, నీ ముందు ఎవరూ పని మానుకుని కూర్చోలేదు. భక్తిరంజని వస్తుంటే వాకిట్లో ముగ్గు పడుతూనే ఉండేది, పొయ్యి మీద పాలు పొంగుతూనే ఉండేవి. వార్తలు ముగిసేసరికి బడికెళ్లే పిల్లకు రెండో జడ అయిపోయేది. నువ్వడిగింది చెవులొక్కటే. చేతుల్ని వాటి మానాన వదిలేశావు.

1938లో మద్రాసు నుంచి తెలుగు పలికావు. 1948 డిసెంబరు 1న బెజవాడ చేరావు. నిజాం కాలపు దక్కన్ రేడియో 1950లో ఆలిండియా రేడియోలో కలిసింది. తారీఖులదేముంది! మీట తిప్పగానే పలికేదానివా? వాల్వులు వేడెక్కాలి, పసుపు దీపం వెలగాలి, అద్దం వెనక ముల్లు కొలంబో దాటి, గరగరలన్నీ దాటి మన స్టేషన్ దగ్గర ఆగాలి. గోడకు అడ్డంగా రాగి వల ఏరియల్. ఏటా పోస్టాఫీసులో లైసెన్సు రుసుం. పాట వినడానికి సర్కారుకు డబ్బు కట్టామంటే ఇప్పటి పిల్లలు నవ్వుతారు.

న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియో అన్నయ్య, అక్కయ్య అయి ఊరూరి పిల్లల్నీ కూడగట్టారు. బాలాంత్రపు రజనీకాంతరావు లలితగీతానికి నీ గొంతులో ఇల్లు కట్టాడు. ఇక ఉషశ్రీ! ఆయన భారతం చెబుతుంటే, ద్రౌపదిని సభకు ఈడ్చుకొచ్చే చోట కత్తిపీట మీద వంకాయ సగంలో ఆగేది. చేతులు నీకు లొంగింది అక్కడే.

రాత్రయితే నీ నడకే వేరు. పగటిపూట మీడియం వేవ్‌ను మింగేసే ఆకాశపు కింది పొర పొద్దు గూకాక పలచబడిపోతుంది. అల పై పొరకు తగిలి దూరదూరాన నేలకు దిగుతుంది. అందుకే తెలియని భాషలు కూడా మన చేలో మంచె ఎక్కేవి. ట్రాన్సిస్టర్ వచ్చాక కరెంటు తీగతో పని లేదు; తోలు తొడుగేసుకుని, రైతు భుజాన వేలాడుతూ నువ్వే కావలికెళ్లావు.

టీవీ వచ్చినప్పుడు నీ పని అయిపోయిందన్నారు, సెల్‌ఫోన్ వచ్చినప్పుడూ అన్నారు. (అన్నవాళ్లెవరూ రాత్రి లారీ తోలేవాళ్లు కారు.) జహీరాబాద్ ప్రాంతంలో దళిత మహిళలు 2008లో సంఘం రేడియో పెట్టుకున్నారు. మైకు ముందు నర్సమ్మ అనే పేరున్న ఇద్దరు. ఢిల్లీ వార్తల తెలుగు మాకు నేర్పినదానివి, అక్కడ కూర్చుని యాస నేర్చుకున్నావు. కొర్రలు, సామలు, విత్తనం దాచుకునే తీరు, పండగ పాటలు: ఊరి ఆడవాళ్లు ఇంట్లో మాట్లాడుకున్నట్టే నీలో మాట్లాడుకున్నారు.