ఛింగ్‌హ్వా వ్యాయామ సంప్రదాయం: ఒక పరిశీలన

బీజింగ్‌లోని ఛింగ్‌హ్వా విద్యాసంస్థలో తొలినాళ్లలో సాయంత్రం ఒక గంటసేపు గ్రంథాలయానికి, వసతి గదులకు తాళం వేసి విద్యార్థులందరినీ మైదానానికి పంపేవారు. 1914లో అక్కడ చేరిన యుయెహాన్ (ఇంటిపేరు ‘మా’) అర్ధశతాబ్దం పాటు వ్యాయామవిద్య బోధించారు. ఆటలు పతకాలు గెలిచే కొద్దిమందికే కాదు, అందరికీ అవసరమని గుర్తించడమే ఈ సంప్రదాయంలోని గొప్పతనం.

అయితే 1957 నాటి నినాదాన్ని గమనించండి. దేశం కోసం కనీసం యాభై ఏళ్లు ఆరోగ్యంగా పనిచేయాలన్నది దాని సారాంశం. ఇక్కడ ఆరోగ్యం మనిషి హక్కుగా కాక, దేశానికి తీర్చవలసిన బాకీగా మారింది.

ఈత వస్తేనే పట్టా అన్న 2017 నాటి నిబంధన కూడా ఇలాంటిదేనా? కాదని నా అభిప్రాయం. ఈత నేర్చినవారి ప్రాణాన్నే కాపాడుతుంది. నిర్బంధాన్ని అంచనా వేసేటప్పుడు ‘దీనివల్ల మేలు ఎవరికి?’ అని మీరు ప్రశ్నించుకోవాలి.