మధ్యలో పడే షటిల్ ఎవరిది?

చలికాలం సాయంత్రాలు మన కాలనీల్లో రోడ్డుకు అడ్డంగా నెట్ కట్టి షటిల్ ఆడతారు. అటు ఇద్దరు, ఇటు ఇద్దరు. షటిల్ ఇద్దరి మధ్యకు వస్తుంది. "నువ్వు కొడతావనుకున్నా" అంటాడొకడు. "నీదే అనుకున్నా" అంటాడు రెండోవాడు. ఈలోగా అది నేల మీద పడి ఉంటుంది. డబుల్స్ విద్యలో సగం ఆ నడిమి జాగాను కాపాడుకోవడమే. అమలాపురం కుర్రాడు రంకిరెడ్డి సాత్విక్ సాయిరాజ్ ప్రయాణం చూస్తే ఆ విద్య ఎంత లోతైనదో తెలుస్తుంది.

2000లో పుట్టిన సాత్విక్‌కు ఆట ఇంట్లోనే పరిచయమైంది. తండ్రి వ్యాయామ ఉపాధ్యాయుడు. 2014లో హైదరాబాద్ వచ్చి గోపీచంద్ అకాడమీలో చేరాడు. మలేసియా కోచ్ టాన్ కిమ్ హెర్ అతణ్ని ముంబై కుర్రాడు చిరాగ్ శెట్టితో జత కలిపాడు. ఇద్దరూ పొడగరులే, ఇద్దరూ వెనక నుంచి బాదేవాళ్లే. మరి నెట్ దగ్గర ఎవరు నిలబడాలి? ఆ పని ఇద్దరూ కొత్తగా నేర్చుకోవాల్సి వచ్చింది.

డబుల్స్‌లో దాడి చేసేటప్పుడు ఒకరు వెనక, ఒకరు ముందు. వెనకున్నవాడు స్మాష్ కొడితే, తడబడి తిరిగొచ్చిన షటిల్‌ను ముందున్నవాడు నెట్ దగ్గరే నేలకు దించేస్తాడు. షటిల్ పైకి లేపాల్సి వస్తే మరుక్షణం ఇద్దరూ పక్కపక్కన సర్దుకుంటారు. అప్పుడు స్మాష్ వచ్చే మూలకు నేరుగా ఉన్నవాడు తనవైపు గీత కాస్తాడు. ఐమూలగా ఉన్నవాడు లోపలికి జరిగి మధ్య భాగం చూసుకుంటాడు. ఎవరిదన్న ప్రశ్నకు జవాబు షటిల్ రాకముందే సిద్ధంగా ఉంటుంది.

సర్వీస్ సంగతి ఇంకా సున్నితం. 2018 నుంచి సర్వీస్ చేసేటప్పుడు షటిల్ మొత్తం నేలకు 1.15 మీటర్ల లోపే ఉండాలి. నెట్ నడుమ ఎత్తు 1.524 మీటర్లు. అంటే కింద నుంచి పైకి పంపుతూనే, నెట్‌ను రాసుకుంటూ పోయేలా కొట్టాలి. కాస్త లేచిందా, అవతలివాడు ముందుకు దూకి కొట్టేస్తాడు. పొడవైనవాడు ఇందుకోసం తన ఒళ్లంతా అదుపులో పెట్టుకోవాలి. సర్వీస్ చేసిన చెయ్యి కిందికి దిగకుండానే ర్యాకెట్ మళ్లీ లేవాలి.

సాత్విక్ పేరు చెప్పగానే అందరికీ స్మాష్ గుర్తొస్తుంది. 2023 ఏప్రిల్ 14న జపాన్‌లోని సోకా నగరంలో అతను కొట్టిన స్మాష్ గంటకు 565 కిలోమీటర్ల వేగం అందుకుని గిన్నిస్ రికార్డుకెక్కింది. అంతకుముందు రికార్డు 493. అయితే ఆ వేగం ర్యాకెట్ వదిలిన క్షణానిది. 16 ఈకల షటిల్ గాలిని పట్టుకుని చప్పున నెమ్మదిస్తుంది. మేటి జోడీలు దాన్ని తిరిగి పంపగలవు. అలా వచ్చినదాన్ని ముందు చిరాగ్ అందుకుంటేనే ఆ బలానికి ఫలం.

2022 మేలో బ్యాంకాక్‌లో పురుషుల జట్ల పోటీ థామస్ కప్ ఫైనల్. ఇండోనేసియా జోడీ అహ్సాన్, కెవిన్ సంజయ చేతిలో తొలి గేమ్ 18-21తో పోయింది. రెండో గేమ్‌లో మ్యాచ్ పాయింట్లు కాచుకుని 23-21తో గెలిచారు. మూడోది 21-19. భారత్ ఆ రోజు మొదటిసారి కప్పు అందుకుంది. 2023లో ఆసియా చాంపియన్‌షిప్, ఇండోనేసియా ఓపెన్, ఆసియా క్రీడల స్వర్ణం, ప్రపంచ నంబర్ వన్ ర్యాంకు వరుసగా వచ్చాయి.

దెబ్బలూ తిన్నారు. టోక్యో ఒలింపిక్స్‌లో, ఆ తర్వాత స్వర్ణం గెలిచిన తైవాన్ జోడీనే ఓడించారు. మూడింట రెండు మ్యాచ్‌లు గెలిచి కూడా గేముల లెక్కలో గ్రూపు దాటలేకపోయారు. 2024 పారిస్ ఒలింపిక్స్ క్వార్టర్స్‌లో మలేసియా జోడీ ఆరోన్ చియా, సో వూయ్ యిక్ చేతిలో మొదటి గేమ్ గెలిచీ ఓడారు. ఏడాది తిరిగాక అదే నగరంలో, ప్రపంచ చాంపియన్‌షిప్ క్వార్టర్స్‌లో, అదే జోడీని వరుస గేముల్లో ఓడించి కాంస్యం ఖాయం చేసుకున్నారు. ఓటమి బరువును ఇద్దరూ చెరిసగం మోస్తేనే ఇలాంటి జవాబు సాధ్యం.

హైదరాబాద్ సింగిల్స్ తారలకు పుట్టిల్లు. అదే ఊళ్లో ఎదిగిన గుత్తా జ్వాల 2011లో అశ్విని పొన్నప్పతో కలిసి ప్రపంచ చాంపియన్‌షిప్ కాంస్యం తెచ్చింది. అయినా సింగిల్స్ కుదరనివాళ్లకే డబుల్స్ అన్న మాట ఇంకా వినిపిస్తుంటే బాధేస్తుంది. మన పిల్లలకు చిన్ననాడే జోడీ కట్టించాలి. మధ్యలో పడే షటిల్‌కు "నాది" అని గట్టిగా అరవడం, పక్కవాడు అలా అరిచినప్పుడు నమ్మి దారివ్వడం, రెండూ ఆ వయసులోనే అలవడతాయి.