ఇవాళ ఏం కూర?

ఊరి నుంచి తిరిగొచ్చిన మొదటివారం చేసే ఫోన్లు లెక్కలోకి రావు. చేరావా, సామానంతా వచ్చిందా, పచ్చడి సీసా కారిందా, నిద్ర పట్టిందా! రాత్రి రెండింటికి కళ్లు విచ్చుకుని కూర్చుంటాం కనుక ఇంటివాళ్లు ఎప్పుడు చేసినా ఎత్తుతాం. చిక్కంతా రెండోవారం నుంచి. నిద్ర దారిన పడుతుంది, ఫ్రిజ్ నిండుతుంది, ఆఫీసు పని నెత్తికెక్కుతుంది. తెనాలిలో అమ్మానాన్నలకి మనం మళ్లీ ఆదివారం మనుషులమైపోతాం. న్యూజెర్సీలో ఇల్లు సర్దుకోవడం ఒక పూట పని. ఫోను వేళ కుదరడానికే ఎక్కువ రోజులు పడుతుంది.

వేసవిలో మాకూ అక్కడికీ తేడా 9 గంటల 30 నిమిషాలు. పొద్దున ఏడున్నరకి నేను వంటింట్లోకొచ్చేసరికి అక్కడ సాయంత్రం ఐదు. అమ్మ మల్లెమొగ్గలు ముందేసుకుని మాల కడుతుంటుంది. చేతులకి పనుంది, నోరు ఖాళీ. ఇంతకన్నా మంచి ముహూర్తం నాకు తెలీదు.

వీడియో నాకు పడదు. అమ్మ కొంగు సర్దుకుని ఫొటోకి కూర్చున్నట్టు కూర్చుంటుంది. నాన్న చేతిలో ఫోనుంటే నుదురూ, సీలింగు ఫ్యానూ తప్ప ఇంకేం కనపడవు. కనపడుతున్నానా, వినపడుతోందా అనడంతోనే సగం పొద్దు గడిచిపోతుంది. అందుకే ఉత్త మాటలే. స్పీకరు పెట్టి ఫోనుని కారండబ్బాకి ఆనించి, నేను బాక్సులోకి బెండకాయలు తరుక్కుంటాను. మధ్యలో వాళ్లింటికి పాలబ్బాయి వస్తాడు, పక్కింటావిడ వస్తుంది. వాళ్ల సంభాషణలూ నేనే వింటాను.

అసలు విద్య ప్రశ్నలో ఉంది. 'ఎలా ఉన్నారు?' అంటే 'మాకేం, దివ్యంగా ఉన్నాం' అనే వస్తుంది. దూరాన ఉన్నవాళ్లని కంగారు పెట్టకూడదన్నది మన ఇళ్లలో చట్టం. ఆస్పత్రికి వెళ్లొచ్చిన సంగతి కూడా వారం తర్వాత చిన్నత్త నోరు జారితేనే తెలుస్తుంది. అందుకని నేను కూర అడుగుతాను. దొండకాయ వేపుడంటే నాన్న సంచీ పట్టుకుని మార్కెట్‌కి నడిచి వెళ్లినట్టే. వరసగా రెండ్రోజులు చారూ, వడియాలూ అంటే ఎవరికో ఒంట్లో బాలేదు. కర్రీ పాయింటు నుంచి తెప్పించుకున్నారంటే అమ్మ మోకాళ్లు మళ్లీ మొదలెట్టాయి. గుత్తివంకాయంటే చుట్టాలొచ్చారు. నా ఎత్తు అమ్మ కనిపెట్టిందేమో కూడా! ఈమధ్య ఎప్పుడడిగినా గుత్తివంకాయే చెబుతోంది.

నేనేం తక్కువ తినలేదు. కిందటి చలికాలం మంచు మీద జారి మణికట్టు బెణికింది. ఎడమచేత్తో కూర తరుగుతుంటే, 'కత్తి చప్పుడేంటే, అంత నిదానంగా ఉంది?' అంది. కొత్త కత్తి, ఇంకా అలవాటు కాలేదన్నాను. నమ్మినట్టు ఊరుకుంది.

ఇలాంటి కబుర్లు ఒకప్పుడు చాలా ఖరీదు. 2002 దాకా మన దేశం నుంచి విదేశీ కాల్స్ అన్నీ విదేశ్ సంచార్ నిగమ్ గుత్తాధిపత్యంలోనే ఉండేవి. ఐఎస్‌డీ బూత్‌లో మీటరు మీద అంకెలు తిరుగుతుంటే కూర సంగతి అడిగే ధైర్యం ఎవరికి? గల్ఫ్‌కి వెళ్లినవాళ్లు కేసెట్లో మాటలు నింపి, ఊరెళ్లే మనిషి చేతికిచ్చి పంపేవాళ్లు. కరీంనగర్, నిజామాబాద్ వైపు నుంచి దుబాయి వెళ్లిన కూలీలకి నా అంత సులువు ఇప్పటికీ లేదు. అక్కడ వాట్సాప్‌లో సందేశాలు వెళతాయి గానీ మాట కలవదు. అనుమతి ఉన్న వేరే యాప్‌లే వాడుకోవాలి, వాటిలో కొన్నిటికి డబ్బు కట్టాలి. తీరుబడి కబుర్లకి కూడా స్తోమతుండాలన్నమాట.

నాకున్న కష్టమల్లా నవంబరుతోనే. ఆ నెల మొదటి ఆదివారం ఇక్కడ గడియారాలు గంట వెనక్కి జరుపుతారు. తేడా కాస్తా పదిన్నర గంటలవుతుంది. నా ఏడున్నరకి అక్కడ ఆరు. ఆరింటికి అమ్మ సీరియల్. మార్చి రెండో ఆదివారం దాకా ఇంతే.

'గంట ముందు లేవవే, సొమ్మేం పోయింది?' అంటుంది.

'అప్పటికి ఇక్కడ చీకటే అమ్మా, చలి కూడా' అంటాను.

'మీ గడియారాలు మీరు మార్చుకుంటే నా సీరియల్ ఎందుకాగాలి?'

ఇందులో నాన్న ఎప్పుడూ అమ్మ పక్షమే. చివరికి ఏటా ఒకటే రాజీ: ప్రకటనలొచ్చినప్పుడు మాట్లాడుకుంటాం, మిగతా సేపు నేనూ ఆ సీరియల్ వింటాను.