మన్ను పూసిన కళ్లు

విశ్వాసమా, గుళ్లో నిన్ను పొగిడేవాళ్లకు కొదవ లేదు. మైకులున్నాయి, కీబోర్డు ఉంది, తెల్లచీరలు కట్టుకున్న కొయిరు ఉంది. నేను మాత్రం నిన్ను గుడి బయట నిలబడి పొగుడుతాను. వెలుగోడు జలాశయం కట్ట మీద, ఎండ నెత్తి మీదికొచ్చిన వేళ.

ఇటు చూస్తే నిండితే పదిహేడు టీఎంసీలకు కొంచెం తక్కువ పట్టే నీళ్లు, అటు చూస్తే నల్లమల నీలిగీత. శ్రీశైలం వెనక నిలిచిన కృష్ణమ్మ పోతిరెడ్డిపాడు తూములు దూకి, బానకచెర్ల దగ్గర దారి మళ్లి, ఇక్కడ కాసేపు ఆగుతుంది. తర్వాత సోమశిల, కండలేరు దాటుకొని చెన్నపట్నం కుళాయిల దాకా పోతుంది. వాన పడని ఏడు ఈ నీళ్లు పోతుంటే చూస్తూ చూస్తూ బీడు పెట్టుకున్న పొలాలు సీమలో ఎన్నో. కంటికి కనబడేదంతా మనది కాదని ఈ నేల మనుషులకు ఒకరు చెప్పనక్కర్లేదు. కనబడనిదాన్ని మాత్రం నాదేనని పిడికిట్లో పట్టుకోవడం నేర్పింది నువ్వు. అందుకు నీకు మొదటి వందనం.

నువ్వు ఈ సీమకు పండగపూట రాలేదు. ఆళ్లగడ్డ అవతల ముత్యాలపాడులో మిషనరీ జాన్ క్లే దొర మకాం పెట్టి మాలపల్లెలు తిరిగే కాలానికే నీ పేరు అక్కడక్కడా వినబడింది గానీ, ఊళ్లకు ఊళ్లు నీ వైపు తిరిగింది ధాత కరువు తర్వాత. 1876లో వానలు మొహం చాటేశాయి. మరుసటేడూ అంతే. నల్లరేగడి నెర్రెలిచ్చి, అందులో మనిషి చెయ్యి దూరేటంత సందు పడింది. జొన్న చేలల్లో చొప్ప కూడా మిగల్లేదు. 1871 జనాభా లెక్కలకూ 1881 లెక్కలకూ నడుమ కర్నూలు జిల్లాలో దాదాపు నాలుగో వంతు జనం లేకుండా పోయారు. మనిషిని మనిషి పూడ్చే ఓపిక కూడా లేని రోజులవి.

ఆ రోజుల్లోనే, 1877 జనవరి 1న, ఢిల్లీలో దర్బారు జరిగింది. వైస్రాయి లిట్టన్ ఏనుగుల మధ్య, తుపాకుల వందనాల మధ్య, విక్టోరియా రాణిని హిందూదేశపు చక్రవర్తినిగా చాటించాడు. ఆ నెలలోనే రిచర్డ్ టెంపుల్ అనే దొర మద్రాసు రాజధానికి వచ్చి, కరువు పనిలో మట్టి మోసే కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, పైన కాస్త చిల్లర చాలునని తేల్చాడు. పౌనంటే అరకిలో కూడా కాదు. దేశంలోని గోధుమలు ఓడలెక్కి ఇంగ్లండు పోతూనే ఉన్నాయి. ఆ దొరలు ఆదివారం తప్పకుండా చర్చికి పోయేవాళ్లే, బైబిలు చదివేవాళ్లే. వాళ్ల కళ్లకు ఏ జబ్బూ లేదు. గుడ్డితనం గురించి మాట్లాడాల్సి వస్తే నేను అక్కణ్నుంచే మొదలుపెడతాను, మాలపల్లె నుంచి కాదు.

గంజి కోసం మతం పుచ్చుకున్నారన్న మాట నూట యాభై ఏళ్లుగా వింటున్నాం. ఒంగోలులో బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ సంగతి గుర్తు చేసుకోవాలి. బకింగ్‌హాం కాలవలో మూడున్నర మైళ్ల తవ్వకం గుత్తకు తీసుకొని వేల మందికి పని చూపించిన మనిషి ఆయన. సాయం అందుతున్నన్నాళ్లూ బాప్తిస్మం ఇవ్వనని బిగబట్టాడు. పని ఆగి, గంజి ఆగి, ఇచ్చేదేమీ మిగలని రోజులు వచ్చాక గాని ఒప్పుకోలేదు. అప్పుడు జనం ఆగలేదు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నీళ్లల్లో ఒక్క రోజున 2,222 మంది మునిగి లేచారు. పెట్టేవాడి చెయ్యి ఖాళీ అయ్యాక వచ్చినవాళ్లను గంజికి వచ్చినవాళ్లనడం ఎట్లా?

నన్నడిగితే ఇంకో మాట కూడా అంటాను. ఆకలితో పడున్నవాడు గంజి పోసినవాడి దేవుణ్ణి, గంజి పోయనివాడి దేవుడికన్నా దగ్గరివాడనుకుంటే తప్పేముంది? ఊరి బావిలో చేద వెయ్యనివ్వని వాళ్లు, చావుబతుకుల్లో ఉన్నవాణ్ణి నీ తత్త్వచింతన ఏమైందని అడగడం సిగ్గులేనితనం. విశ్వాసమా, నువ్వు ఆకలిని చిన్నచూపు చూడలేదు. ఖాళీ కడుపుతో వచ్చినవాళ్లను ముందు కూర్చోమన్నావు. అందుకు నీకు రెండో వందనం.

యోహాను సువార్తలో పుట్టుగుడ్డివాడి కథ ఉంది. ఈ సీమలో ఏ సండేస్కూలు పిల్లవాడినడిగినా చెప్తాడు. దారిలో అతన్ని చూసి శిష్యులడిగిన మొదటి ప్రశ్న, వీడికి ఏం కావాలి అని కాదు. పాపం ఎవరిది, వీడిదా, వీడి అమ్మానాన్నలదా అని. ప్రభువు ఆ లెక్క తీయలేదు. ఎవరిదీ కాదన్నాడు. నేల మీద ఉమ్మి, మన్ను పిసికి, ఆ బురద వాడి కళ్లకు పూసి, సిలోయము కోనేటికి పోయి కడుక్కోమన్నాడు. చూపు రావడానికి ముందు వాడు ఆ బురద మొహంతోనే, తడుముకుంటూ, ఊరందరూ చూస్తుండగా నడిచాడు. నేను పొగుడుతున్నది ఆ నడకను. చూపొచ్చాక పాడిన స్తోత్రాన్ని ఎవరైనా పాడతారు. బురద ఆరుతూ కనురెప్పలు బిగుసుకుపోతుంటే, కోనేరు ఇంకెంత దూరమో తెలియకుండా వేసిన అడుగులున్నాయే, నువ్వంటే అవే.

ఇక్కడొక అవ్వ ఉంది. నంద్యాల వైపు పల్లెలో, ఎస్సీ కాలనీ చివర. రెండు కళ్లూ నీటికాసులకు పోయాయి. శుక్లమైతే కోత పెట్టి తీస్తారు, మరునాటికి పచ్చకట్టు విప్పితే లోకం మళ్లీ కనబడుతుంది. నీటికాసులు అట్లాంటిది కాదు. నరం చచ్చిపోయాక చూపు తిరిగి రాదు. ఆ సంగతి డాక్టరు చెప్పాడు, అవ్వ విన్నది, ఇంటికొచ్చి పొయ్యి ముట్టించుకుంది. ఆమె వంట చేస్తుంటే చూడాలి. చాటలో బియ్యం పోసుకొని వేళ్లతో నెమ్మదిగా దువ్వుతుంది. రాయి తగిలితే గోటితో పక్కకు మీటుతుంది. వడ్లగింజ తగిలితే పొట్టొలిచి బియ్యంలోనే కలుపుతుంది. ఎసరు పొంగే చప్పుడు విని బియ్యం పోస్తుంది. పోసేముందు ఒక పిడికెడు తీసి గోడకు తగిలించిన గుడ్డసంచిలో వేస్తుంది. దేవుని పిడికెడు. తెలుగు సంఘాల్లో ఆడవాళ్లు తరతరాలుగా చేస్తున్న పని ఇది. దోర్నకల్ బిషప్ అజరయ్య కాలం నుంచి ఇట్లాంటి పిడికిళ్ల మీదే ఎన్నో పల్లె గుళ్లు లేచాయి. రోజుకు రెండు పిడికిళ్లు, కరువొచ్చినా పండగొచ్చినా. చూపు పోయాక పిడికెడు కొలత మారిందేమో అనుకుంటారు. మారలేదు.

ఆమెకు చదువు రాదు. పురుషోత్తమ చౌదరి కీర్తనలు మాత్రం డజన్లకొద్దీ నోటికి వచ్చు. గుళ్లో పక్కవాళ్లు పుస్తకంలో పేజీ వెతుక్కునేలోపే రెండో చరణం ఎత్తుకుంటుంది. ఆరు వారాల పసికందుగా చూపు పోయిన అమెరికా కవయిత్రి ఫానీ క్రాస్బీ పాటలూ తెలుగైపోయి ఆమె నోట్లో ఉన్నాయి. ఆ పాటలు రాసింది కళ్లు లేని మనిషేనని ఎవరో చెప్తే, “కండ్లుండేటోళ్లకు తీరికేడుంటాది” అన్నదట.

ఒకసారి మండలం ఊరి బయట గ్రౌండులో స్వస్థత కూటాలు పెట్టారు. మూడు రాత్రులు షామియానాలు, రంగుబల్బులు, పెద్దపెద్ద స్పీకర్లు. మనవరాలు అవ్వను ఆటో ఎక్కించుకొని పోయింది. వరుసలో నిలబెట్టారు. కోటు తొడుక్కున్న ప్రసంగీకుడు తల మీద చెయ్యి పెట్టి అరిచాడు, నూనె పూశాడు, ఏం కనబడుతోందని మైకులో అడిగాడు. ఏమీ కనబడలేదంది. మళ్లీ అరిచాడు, మళ్లీ అడిగాడు. ఏమీ లేదంది. అప్పుడాయన జనం వైపు తిరిగి, ఈమెలో ఒప్పుకోని పాపం ఏదో ఉంది, విశ్వాసం చాలలేదు అన్నాడు. అవ్వ మైకు దగ్గరికి మొహం జరిపి అన్నదిది: “అయ్యగారూ, పాపము చేసేదానికన్నా కండ్లుండాల గదా నాయినా.”

జనం నవ్వారు. నేను నవ్వలేకపోయాను. ఆ సువార్త అధ్యాయం చివర, మేము కూడా గుడ్డివాళ్లమా అని అడిగిన పరిసయ్యులకు ప్రభువు చెప్పిన జవాబు దాదాపు ఇదే. గుడ్డివాళ్లయితే మీకు పాపం లేకపోను, చూస్తున్నామంటున్నారు గనక మీ పాపం నిలిచే ఉందన్నాడు. ఆ మాట అవ్వ ఎక్కడా చదవలేదు. చదివిన ప్రసంగీకుడికి అది తట్టలేదు. విశ్వాసమా, నిన్ను కొలిచే తూకపురాళ్లు చేతబట్టుకొని ఊళ్లమీద పడి తిరిగేవాళ్ల నుంచి నిన్ను నువ్వు ఎట్లా కాపాడుకుంటున్నావోగానీ, కాపాడుకుంటున్నావు.

బయటివాళ్లను అన్నాను గనక ఇంటివాళ్లనూ అనాలి. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) పుట్టింది. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ఇతర సంఘాలవాళ్లు ఒక్కటయ్యారు. లోకమంతా దాన్ని చూసి అబ్బురపడింది. నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్లలో చాలామంది చేరలేదు. తాతల నాటి ఆచారం చెడుతుందని కొందరు, మిషను డబ్బు ఆగుతుందని కొందరు, అవతలివాళ్లు చేరారు గనక మేము చేరమని ఇంకొందరు. ఒకే పల్లెలో రెండు గుళ్లు, ఒకే ఇంట్లో రెండు పక్షాలు. 1963లో నంద్యాల వేరే డయాసిస్ అయింది, ఆ తర్వాత చాలా ఏళ్లకు గాని సి.ఎస్.ఐ. గూటికి రాలేదు. బేత్సయిదా గుడ్డివాడికి ప్రభువు మొదటిసారి చెయ్యి వేసినప్పుడు మనుషులు నడిచే చెట్లలా కనబడ్డారు. రెండోసారి చెయ్యి పడితేనే మొహాలు తెలిశాయి. మా సంఘాలు చాలా కాలం ఆ మొదటి చెయ్యి దగ్గరే ఆగిపోయాయి. ఇప్పటికీ పెళ్లి సంబంధం మాట వచ్చేసరికి ఒకే బల్ల దగ్గర రొట్టె విరిచినవాళ్లు ఒకరికొకరు చెట్లయిపోతారు. ఆంగ్లికన్ల ఎస్.పి.జి. మిషను వైపు ఎక్కువగా మాలలు, బాప్టిస్టుల వైపు ఎక్కువగా మాదిగలు పోవడంతో కులం గుడిమెట్లెక్కి లోపలికొచ్చి కూర్చుంది. దాన్ని లేపి బయటికి పంపించే అయ్యగారిని నేనింకా చూడలేదు.

సర్కారు చూపు ఇంకో తీరు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను దాదాపుగా హిందువులకే ఉంచింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించారు. క్రీస్తును నమ్మిన దళితుడికి మాత్రం లేదు. మన రాష్ట్రంలో అతను బీసీ-సీ, ఒక్క శాతం వాటా. బాప్తిస్మంతో బావి దగ్గరి అంటు పోలేదు, కాగితం మీది హక్కు పోయింది. అందుకే ఎన్నో ఇళ్లలో పిల్లవాడికి రెండు పేర్లు, బళ్లో ఒకటి, గుళ్లో ఒకటి. సర్టిఫికెట్ కోసం తహసీల్దారు ఆఫీసుకు పోయేరోజు మెడలో సిలువ తీసి జేబులో వేసుకుంటారు. పేతురు ప్రభువును ఎరగనని చలిమంట దగ్గర బొంకాడు. వీళ్లు కౌంటరు దగ్గర బొంకుతున్నారు, పిల్లవాడి ఫీజు కోసం. విశ్వాసమా, ఆ జేబులోని సిలువనూ నువ్వు విడిచిపెట్టలేదు. నాకు నీలో అన్నిటికన్నా నచ్చేది అదే. ఒప్పుకోలేనివాడి దగ్గర కూడా, వాడి చెమట తగిలేంత దగ్గర, నోరెత్తకుండా ఉంటావు.

ప్రకటన గ్రంథంలో లవొదికయ సంఘం తనకు లోటేమీ లేదని మురిసిపోతే, కంటికి కాటుక కొనుక్కోమని కబురొచ్చింది. మాకూ కావాలి ఆ కాటుక. దర్బారు చేసే దొరలకు ముందు, స్టేజీ మీది కోటుకు తర్వాత, గుడి కమిటీకి తప్పకుండా. ఇది రాసేవాడికీ కాస్త పెట్టు. అవ్వకు అవసరమేమోగానీ, ఆమె అడగలేదు.

కోతలయ్యాక కోత పండగ వచ్చింది. గుడిముందు టార్పాలిన్ పరిచి కానుకలన్నీ వేలం పెట్టారు. గుమ్మడికాయలు, శనగల మూటలు, కాళ్లు కట్టేసిన కోడిపుంజు, స్టీలు బిందె. సంఘపెద్ద గొంతు బొంగురుపోయేలా పాట పాడుతున్నాడు. పుంజు రెండు పార్టీల పంతం మీద తొమ్మిది వందలకు పోయింది. అవ్వ గుడ్డసంచి వచ్చింది. పిడికిళ్ల బియ్యం, సన్నవీ దొడ్డువీ కలిసినవి. యాభై అన్నారెవరో. అరవై. ఒకటోసారి, రెండోసారి.

“నూరు!”

మహిళా సమాజం నడుమ కూర్చున్న అవ్వ, పింఛను నోటు కొంగుముడిలోంచి తీసి గాల్లో ఊపుతోంది.

“అవ్వా, అవి నీ బియ్యమే. నీవి నువ్వే పాడుకుంటావా?”

“ఇచ్చినంక నాయివెట్లయితాయిరా? అరవైకి దేవునివి పోనిస్తానా? పాడు, మూడోసారి గూడ పాడు!”